కనుమ అంటే దారి, కనుమలు అంటే కొండలు

మంత్రాలయంలో ఘాట్ ఎక్కడ అని అడిగితే ఎవరైనా నదివైపే చెయ్యి చూపిస్తారు. తుంగభద్రలోకి దిగే మెట్లకు అక్కడ ఆ పేరు. 2008లో, మళ్లీ 2020లో పుష్కరాలు వచ్చినప్పుడు ఒడ్డు పొడుగునా ఆ మాట రాసిన బోర్డులే. రాఘవేంద్రస్వామి బృందావనం దర్శించుకుని అట్నుంచటే శ్రీశైలం బయల్దేరిన యాత్రికులకు అదే మాట ఇంకోచోట వినబడుతుంది. కర్నూలు, ఆత్మకూరు దాటి బైర్లూటి దగ్గర అడవి మొదలవగానే డ్రైవరు "ఇంక ఘాట్ వస్తాది, కిటికీలు జాగ్రత్త" అంటాడు. అక్కడ ఘాట్ అంటే మలుపులు తిరిగే కొండదారి. ఇంటికొచ్చి పిల్లల సాంఘికశాస్త్రం పుస్తకం తెరిస్తే అందులో ఆ మాట మూడో అర్థంతో కూర్చుని ఉంటుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఈస్టర్న్ ఘాట్స్, తెలుగు మీడియం పిల్లలకు తూర్పు కనుమలు. అంటే ఒడిశా నుంచి తమిళనాడు దాకా సాగిన కొండల బారు మొత్తం.

మెట్లకు, దారికి, కొండల బారుకు ఒకే పేరు రావడం వింతేమీ కాదు. సంస్కృతంలో ఘట్టం అంటే రేవు, నీళ్లలోకి దిగే చోటు. దక్కను మీద, ముఖ్యంగా మరాఠీ సీమలో, పీఠభూమి మీంచి తీరానికి దిగే కొండదారిని కూడా ఘాట్ అన్నారు. నీళ్లకు దిగినా తీరానికి దిగినా దిగే చోటు ఘాటే. పడమటి తీరంలో ఓడలు దిగిన పోర్చుగీసువాళ్లకు, వాళ్ల వెనక వచ్చిన ఇంగ్లీషువాళ్లకు లోపలి దేశానికి పోవాలంటే ఎక్కవలసినవి ఈ దారులే. వాళ్లు దారి పేరు తీసి దారి ఉన్న కొండలకు పెట్టారు. తర్వాత దేశానికి ఆ పక్కన కనబడిన కొండలకూ అదే పేరు తగిలించి, పడమటివి, తూర్పువి అని పంచారు. భూగోళశాస్త్రం తెలుగులో రాసినవారు ఘాట్స్‌ను కనుమలు అన్నారు. తప్పేమీ లేదు, మాటకు మాట సరిపోయింది. కాని కనుమ అంటే తెలుగులో కొండ కాదు, రెండు కొండల నడుమ దాటిపోవడానికి వీలైన సందు. (పశువుల పండగ కనుమ వేరే సంగతి.) అలా మన పుస్తకాల్లో కనుమ ఒకటైతే దారి, బహువచనమైతే కొండలు.

రాయలసీమవాళ్లకు ఈ మాట పాత అర్థం ఇంకా బతికే ఉంది. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే పాత దారి నంది కనుమ. ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు నల్లమలను దాటించే దారి మంత్రాలమ్మ కనుమ. మంత్రాలయంతో దీనికి సంబంధం లేదు, పేరు దగ్గరగా ఉందంతే. బండ్లు, గుర్రాలు, సైన్యాలు, ఉప్పు బస్తాలు తీరం నుంచి సీమకు ఎక్కింది ఇలాంటి కొద్ది సందుల్లోంచే. 1880 దశకంలో మీటరుగేజి రైలు వేసినవాళ్లు కూడా నంది కనుమ పరిసరాలనే వెతుక్కున్నారు. గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట స్టేషన్ల మధ్య సొరంగం తొలిచి, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన ఇనుప వంతెన నిలబెట్టారు. సొరంగం ఉన్న చోటికి బొగద అనే పేరే నిలిచింది. బొగద అంటేనే సొరంగం. దిగువమెట్ట అన్న పేరు విన్నా కొండ దిగిన చోటని తెలిసిపోతుంది. సీమ ఊరిపేర్లలో ఇంత భూగోళం ఉంటుంది.

పాలకుల లెక్కల్లోనూ ఇదే కొలత. మొగలాయిల, నిజాముల కాలపు రికార్డుల్లో కర్ణాటక బాలాఘాట్, కర్ణాటక పాయిన్‌ఘాట్ అని రెండు మాటలు కనిపిస్తాయి. కనుమలకు పైన ఉన్న నేల బాలాఘాట్, కింద ఉన్న నేల పాయిన్‌ఘాట్. సిద్ధవటం, గండికోట, గుత్తి పైలెక్కలోకి వస్తాయి, ఆర్కాటు వైపు కింది లెక్కలోకి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన దత్తమండలాలు, 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అని పేరు పెట్టిన నేల, చాలామటుకు ఈ బాలాఘాటే. సీమకు సరిహద్దు గీసింది రాజులకన్నా ముందు కొండల బారు.

ఇక అసలు ప్రశ్న. కొండలు చాలా చోట్ల ఉంటాయి. ఎప్పుడు వాటిని శ్రేణి అనాలి?

మంత్రాలయం నుంచే మొదలుపెట్టొచ్చు, ఎందుకంటే శ్రేణి కానిదేదో అక్కడ బాగా కనబడుతుంది. కోసిగి, ఆదోని, పత్తికొండ దిక్కుల్లో ఎటు చూసినా రాతిగుట్టలే. బల్లపరుపు చేనులో ఉన్నట్టుండి ఒక గుట్ట లేస్తుంది. పేర్చినట్టుగా గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, మీద ఒక గుడో పాత కోటగోడో. మైలు దూరం పోతే ఇంకోటి. ఒక్కొక్కదానికి ఒక్కో పేరు, ఒక్కో దేవుడు. జనం వీటిని గుట్ట, తిప్ప, గట్టు, బండ అంటారు, కాస్త పెద్దదైతే కొండ అంటారు. మల అన్నవాళ్లు లేరు.

ఇవన్నీ గ్రానైటు, దాని దాయాది నైసు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల కరిగి చల్లారిన రాయి. మీద ఉన్న బరువంతా అరిగి తొలగేకొద్దీ రాయి నిలువునా అడ్డంగా పగుళ్లిచ్చింది. పగుళ్లలోకి నీరు దిగింది, మూలలు ముందు అరిగాయి. మెత్తబడ్డది మట్టయి కొట్టుకుపోగా మూలలు పోయిన గుండ్లు ఒకదాని మీద ఒకటి మిగిలాయి. పగుళ్లు దట్టంగా ఉన్నచోట రాయి పూర్తిగా చేనుమట్టి అయింది, పలచగా ఉన్నచోట గుట్టగా నిలిచింది. హంపి చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. గుత్తి దగ్గర ఎర్రగుడిలో అశోకుడు శాసనాలు చెక్కించింది కూడా ఇలాంటి గుండ్ల మీదే. అంటే ఈ గుట్టలను ఎవరూ పైకి లేపలేదు. చుట్టుపక్కల నేల తగ్గిపోతే ఇవి మిగిలాయి. భూగోళంలో వీటిని అవశిష్ట కొండలు అంటారు. పక్కపక్కన వంద ఉన్నా శ్రేణి అనరు, ఎందుకంటే ఒకదానికొకటి బారుగా కలిసే లక్షణం వీటికి లేదు.

ఇప్పుడు తూర్పుగా నడవాలి. కర్నూలు దాటి బేతంచెర్ల, బనగానపల్లె వైపు వెళ్తే ఎర్రమల కొండలు. పెద్ద ఎత్తు లేదు, తలలు చదునుగా ఉంటాయి. యాగంటి ఉన్నది ఈ కొండల్లోనే. అవి దిగితే కుందూ నది లోయ, నల్లరేగడి, నంద్యాల, కోవెలకుంట్ల. లోయ దాటగానే మహానంది, అహోబిలం, వాటి వెనక ఉత్తర దక్షిణాలుగా ఆకాశం కింద ఒకే గీత. అది నల్లమల. కృష్ణ నుంచి పెన్న దాకా పోతుంది. దానిలో ఎత్తైన గుండ్లబ్రహ్మేశ్వరం, భైరాణి కొండ వైపు తలలు 3 వేల అడుగులు దాటుతాయి. ఇంకా తూర్పుకు పోతే నెల్లూరు, ప్రకాశం సీమలను కడప నుంచి వేరుచేసే వెలికొండలు. వెలి అంటే బయటిది, సీమకు బయటి గోడ. దక్షిణాన సిద్ధవటం దగ్గర లంకమల, కడప రాయచోటి మధ్య పాలకొండలు, అక్కణ్నుంచి తిరుపతి దాకా శేషాచలం.

ఈ కొండలు దాదాపు అన్నీ ఒకదానితో ఒకటి పక్కపక్కన, ఒకే వాలున నడుస్తాయి. అంతకన్నా ముఖ్యం, వాటి రాయి ఒకే కుటుంబం. మంత్రాలయం గ్రానైటు నేల బేతంచెర్ల దాకా వచ్చి కిందికి దిగిపోతుంది. దాని మీద ఒకప్పుడు సముద్రం నిలిచింది. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట మొదలై, చాలా కాలంపాటు ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైటు అయింది, బురద షేలు అయింది, సున్నం నాపరాయి అయింది. దేశమంతటా వంటింటి గట్టు మీద పరిచే కడప బండ ఆ సముద్రపు అడుగే. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు మర ఆడించేది, బెలుం గుహల్ని నీరు తొలిచింది అదే వర్గం సున్నపురాయిని. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో భారత భూవిజ్ఞాన సర్వే తరఫున ఈ పొరల మీద పెద్ద నివేదిక వెలువరించాడు. కడప రాళ్లు, కర్నూలు రాళ్లు అని రెండు వర్గాలుగా విడగొట్టాడు. అప్పట్నుంచి భూగర్భశాస్త్రం చదివేవాళ్లకు ప్రపంచంలో ఎక్కడున్నా కడప ఒక ఊరి పేరుగా కన్నా రాతి పేరుగా ఎక్కువ తెలుసు.

పొరలు పేరుకుంటే కొండలు కావు. ఆ తర్వాత తూర్పు దిక్కు నుంచి నెట్టుడు వచ్చింది. నేల మీద పరిచిన చాపను ఒక పక్క నుంచి నెడితే ముడతలు నెట్టిన దిక్కుకు అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. నెట్టిన చేతికి దగ్గర్లో ముడతలు ఎక్కువ, అవతలి అంచు దాదాపు చదునుగానే ఉంటుంది. నల్లమల, వెలికొండలు దగ్గరి ముడతలు. ఎర్రమల అవతలి అంచు, అందుకే దాని తలలు చదును. ఆ ముడతల్లో మెత్తటి షేలు వానకు కొట్టుకుపోయి లోయలైంది, గట్టి క్వార్ట్‌జైటు వీపులై నిలిచింది. ఇవాళ మనం చూసేది అప్పటి ఎత్తులు కావు. హిమాలయాలు లేచి 5 కోట్ల ఏళ్లు, నల్లమల ముడత పడింది అంతకు ఎన్నో రెట్లు ముందు. ఇన్నాళ్ల వానకు, ఎండకు నిలిచిన ఎముకలు ఇవి.

కాబట్టి శ్రేణి అనడానికి చూడవలసింది ఎత్తు కాదు. కొండలు ఒకే బారున ఉన్నాయా, పునాది దగ్గర కలిసి ఉన్నాయా, ఒకే కారణం చేత పుట్టాయా, ఇవి చూడాలి. ఆదోని కొండ ఎర్రమల కన్నా ఎత్తుగా కనబడొచ్చు, అయినా అది ఒంటరి. ఎర్రమల ఎక్కడికక్కడ తెగినా శ్రేణే. మూడింటిలో పుట్టుకకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. బారు కంటికి మోసం చెయ్యగలదు, రాయి చెయ్యదు.

గ్రానైటు ఆగి పొరలు మొదలైన సరిహద్దును కళ్లారా చూడాలంటే తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కాలి. ఒకచోట కింద గ్రానైటు, దాని మీద అడ్డంగా పరిచిన క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. మధ్యలో సన్నటి గీత. ఆ గీతలో కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతైంది, ఆ కాలంలో పేరుకున్నదేదో అరిగిపోయింది. భూవిజ్ఞాన సర్వే దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. కొండకు పోయే బస్సుల్లో నూటికి తొంభైమంది దాన్ని చూడకుండానే దాటిపోతారు, గోవింద నామాల్లో ఉంటారు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం.

శాస్త్రం ఈ మాట చెప్పకముందు మనవాళ్లకు కొండల బారును ఒక్కటిగా చూడడం తెలియదని అనుకోకూడదు. పురాణాల్లో కులపర్వతాలు ఏడున్నాయి. మహేంద్రం, మలయం, సహ్యం, శుక్తిమంతం, ఋక్షం, వింధ్యం, పారియాత్రం. ఇవి ఒంటి శిఖరాలు కావు, ఒక్కొక్కటి ఒక కొండల సమూహం. సహ్యం అంటే పడమటి కనుమలు, మహేంద్రం అంటే తూర్పు కనుమల ఉత్తర భాగం. కులం అంటే వంశం, గుంపు. శ్రేణి అన్న మాటలో వరుస మాత్రమే ఉంది, కులపర్వతంలో బంధుత్వం కూడా ఉంది. నన్నడిగితే రెండోదే నిఖార్సైన పదం. కాకపోతే ఈనాటి చెవికి కులం వేరేలా వినబడుతుంది గనక పాఠ్యపుస్తకంలో శ్రేణే ఉండనివ్వడం మేలు.

సీమలో ఇంకా అందమైన భావన ఉంది. ఆదిశేషుడు పడుకున్నాడని, ఆయన తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అని చెబుతారు. తిరుమల కొండకు శేషాచలం అన్న పేరు అందుకే. దేవుని కడపను ఆ కొండకు గడప అనడం కూడా ఆ వరుసలోదే. పటం ముందేసుకుని చూస్తే ఈ మూడు క్షేత్రాలనూ కలిపే గీత నెలవంకలా వంగుతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు గీసే కడప పొరల మండలం కూడా నెలవంక ఆకారమే. మూడు క్షేత్రాలూ ఆ మండలంలోనే ఉన్నాయి. కథ కట్టినవాళ్లు క్వార్ట్‌జైటు చూసి కట్టలేదు, కాలినడకన తిరిగి కట్టారు. కొండలు తెగకుండా వెంట వస్తున్నాయని నడిచినవాడికి తెలుస్తుంది.

బారు ఉంటే దాన్ని తెంచేవీ ఉంటాయి. వాటికి సీమ తెలుగులో రెండు వేరువేరు పేర్లున్నాయి, ఇంగ్లీషు పటంలో రెండూ కలిసిపోతాయి. మనిషి దాటే సందు కనుమ. నది కోసుకుపోయిన సందు గండి. ఎర్రమలను పెన్న కోసిన చోట, నిట్టనిలువు ఎర్ర రాతిగోడల మీద, గండికోట. వేంపల్లె దగ్గర పాపఘ్ని కొండలను చీల్చుకుని బయటపడే చోటి పేరే గండి, అక్కడి వీరాంజనేయుడు గండి ఆంజనేయుడు. పెన్న చివరికి వెలికొండలనూ కోసి సోమశిల దగ్గర నెల్లూరు మైదానంలో పడుతుంది, ఆనకట్ట కట్టింది ఆ సందులోనే. ఉత్తరాన కృష్ణ నల్లమలను కోసిన లోయలో శ్రీశైలం డ్యాం. ఆ డ్యాం అవతలి ఒడ్డు తెలంగాణ, అమ్రాబాద్ వైపు. అక్కడివాళ్లూ తమ అడవిని నల్లమలే అంటారు. నది తెంచినా రాయి తెగలేదు, పేరూ తెగలేదు.

నదులు ఎటు పారాలో కూడా కొండల బారే నిర్ణయిస్తుంది. రెండు శ్రేణుల నడుమ పారే నదికి పక్కకు పోయే దారి ఉండదు. కుందూ ఎర్రమలకు, నల్లమలకు మధ్య ఇరుక్కుని ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. 1860 దశకంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఈ వీలు గమనించింది. మంత్రాలయం దాటి వచ్చిన తుంగభద్ర నీళ్లను సుంకేసుల దగ్గర ఆపి, కాలువలోకి మళ్లించి, మిట్టకందాల దగ్గర మిట్టను తవ్వి, కుందూ లోయలోకి దింపి కడప దాకా తీసుకుపోయింది. అదే కర్నూలు కడప కాలువ, జనం నోట కేసీ కెనాల్, సుమారు 190 మైళ్లు. కంపెనీ నష్టాల్లో మునిగి 1882లో దాన్ని ప్రభుత్వానికి అప్పజెప్పింది, కాలువ మాత్రం నిలిచింది. ఒక నదీ పరివాహకం నీళ్లు ఇంకో పరివాహకంలోకి పోవడానికి ఆ జంట శ్రేణుల నడుమ లోయే దారిచ్చింది. మంత్రాలయం చుట్టూ ఉన్న ఒంటి గుట్టలు ఇలాంటి కాలువను నడిపించలేవు.

చెట్లూ ఈ వంశాన్ని గుర్తుపడతాయి. ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండ, లంకమల, వెలికొండల పరిసరాల్లో మాత్రమే. ఆదోని గుట్టల మీద నాటితే బతకొచ్చు, దానంతటది అక్కడ మొలవలేదు.

ప్రపంచ భూగోళంలో కొండల బారుకు వాడే మాటలు కూడా ఇలా ఊరి నుంచి ఊరికి వలస పోయినవే. స్పానిష్‌లో సియెర్రా అంటే రంపం. పళ్లు పళ్లుగా కనబడే కొండలకు ఆ పేరు పెట్టారు, స్పెయిన్‌లో ఒక సియెర్రా నెవాడా, కాలిఫోర్నియాలో ఇంకోటి. కార్డిల్లెరా అంటే తాడు నుంచి వచ్చిన మాట. స్పెయిన్‌వాళ్లు దక్షిణ అమెరికాలో ఆండీస్‌ను చూసి ఆ పేరుతో పిలిచారు, అది దాదాపు 7 వేల కిలోమీటర్ల పొడుగు. తర్వాత శాస్త్రజ్ఞులు ఆ మాటకు అర్థం బిగించారు. ఒక శ్రేణి కార్డిల్లెరా కాదు. పక్కపక్కన నడిచే శ్రేణులు, వాటి మధ్య పీఠభూములు, లోయలు, అన్నీ కలిసిన పట్టీ కార్డిల్లెరా. అలాస్కా నుంచి మెక్సికో దాకా ఉన్నది అలాంటిదే, రాకీలు అందులో ఒక పాయ. ఫిలిప్పీన్స్‌లో లూజాన్ దీవి ఉత్తరాన కొండసీమకు అదే పరిపాలనా పేరైంది.

తెలుగులో దీనికి స్థిరపడ్డ మాట లేదు. పర్వత వ్యవస్థ అని కొందరు, పర్వత పంక్తులు అని కొందరు రాస్తారు. శ్రేణుల సమూహం అంటే ఎవరికైనా అర్థమవుతుంది. హిమాలయాలకు మన పుస్తకాలు చేసేది అదే, హిమాద్రి, హిమాచల్, శివాలిక్ అని మూడు శ్రేణులుగా విడదీసి, నడుమ డూన్ లోయలను చూపిస్తాయి. అందులోనూ ఒక మెలిక ఉంది. కే2 శిఖరాన్ని చాలామంది హిమాలయాల్లో వేస్తారు, అది కారకోరం శ్రేణిది. ఎర్రమల, కుందూ, నల్లమల, వెలికొండ వరుసను చూస్తే కార్డిల్లెరా రూపం గుర్తొస్తుంది. రూపం వరకే ఆ పోలిక. శాస్త్రజ్ఞులు ఎక్కువగా ఖండం పొడుగునా సాగే పట్టీలకే ఆ మాట వాడుతున్నారు. సీమ కొండలకు దాన్ని తగిలిస్తే గొప్పకు పోయినట్టుంటుంది.

ఇప్పుడు తూర్పు కనుమల దగ్గరికి మళ్లీ రావాలి, చిక్కంతా అక్కడే ఉంది. పడమటి కనుమలు పాలక్కాడు సందు దగ్గర తప్ప దాదాపు ఏకబిగిన 1600 కిలోమీటర్లు పోతాయి. వాటిని ఒక శ్రేణి అన్నా ఎవరూ కాదనరు, నిజానికి అవి పీఠభూమి విరిగిన అంచు. సముద్రంవైపు నుంచి చూస్తే కొండలు, మైసూరువైపు నుంచి పోతే కొండ ఎక్కినట్టే ఉండదు. తూర్పు కనుమలు అలా లేవు. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న వాటిని ముక్కలు చేశాయి. ముక్కల మధ్య మైదానాలు. అంతకన్నా పెద్ద తేడా, ముక్కల పుట్టుకే ఒకటి కాదు. అరకు, చింతపల్లి వైపు కొండలు ఖొండలైటు, చార్నొకైటు రాళ్లవి, భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి రూపుమారినవి. చాలా పుస్తకాల్లో ఎత్తైన శిఖరంగా కనబడే 1680 మీటర్ల అరోమకొండ అక్కడిదే. మధ్య ముక్క మన నల్లమల, వెలికొండ, సముద్రపు పొరలు ముడత పడినవి. దక్షిణాన తమిళనాడులో జవ్వాది, షెవరాయ్ కొండలు మళ్లీ వేరే పాత రాళ్లవి.

అందుకే ఒకే పేరును ఇద్దరు శాస్త్రజ్ఞులు రెండు రకాలుగా వాడతారు. భూస్వరూపాలు చదివేవారికి తీరానికి సమాంతరంగా ఉన్న ఎత్తు నేలంతా తూర్పు కనుమలే, నల్లమలతో సహా. రాళ్లు చదివేవారికి తూర్పు కనుమల మండలం ఒడిశాలో మొదలై ఒంగోలు పరిసరాల్లో ఆగిపోతుంది. నల్లమల అందులో లేదు, అది కడప మండలంలోది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఒక పుస్తకంలో ఒకటి, ఇంకో పుస్తకంలో ఇంకోటి చూసి ఏది తప్పని గింజుకుంటారు. రెండూ ఒప్పే. భూగోళం ప్రశ్నకు నల్లమల తూర్పు కనుమల భాగం అని రాయాలి, భూగర్భం ప్రశ్నకు కడప మండలం అని రాయాలి.

వాడుకలో ఇంకొన్ని చిన్న విషయాలు. నల్లమల ఒక శ్రేణి, కాబట్టి నల్లమల శ్రేణి అనాలి. శ్రేణులు అంటే నల్లమల, ఎర్రమల వంటివి ఒకటికి మించి ఉన్నప్పుడు. పత్రికలు రెండూ కలిపేస్తున్నాయి. నల్లమల కొండలు అన్నప్పుడు మల అన్నా కొండే, కొండ అన్నా కొండే, కాబట్టి మాట రెండుసార్లు వచ్చినట్టే. అయినా అది తప్పని నేననను, మల అన్నది ఇవాళ పేర్లలో తప్ప బతికి లేదు గనక పక్కన కొండ ఉంటేనే అర్థమవుతుంది. సియెర్రా నెవాడా పర్వతాలు అనేవాళ్లు చేసేదీ అదే. ఇక కొండ కింది పల్లెల్లో ఈ గొడవే లేదు. మహానంది దగ్గర ఎవరినైనా ఎక్కడికి పోతున్నావని అడిగితే అడివికి అంటారు, నల్లమలకు అనరు. లోపలి చెంచులకు వాళ్ల పెంటల (గూడేల) పేర్లు, వాగుల పేర్లు, తావుల పేర్లు చాలు. తిరుపతిలో కొండకు పోతున్నా అంటే ఒక్కటే అర్థం. శ్రేణి అన్న మాట కావలసింది దూరం నుంచి చూసేవాడికి, పటం గీసేవాడికి, నీళ్లు మళ్లించేవాడికి.

నీళ్లు మళ్లించేవాళ్ల దగ్గర ఈ పేర్లు తాజాగా ఇంకో తమాషా చేశాయి. ప్రకాశం, నెల్లూరు, కడప మెట్ట నేలలకు శ్రీశైలం జలాశయం నుంచి నీళ్లివ్వడానికి తలపెట్టిన పథకం పేరు పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. దాని జంట సొరంగాలు, ఒక్కొక్కటి 18 కిలోమీటర్ల పైచిలుకు, కొల్లంవాగు దగ్గర మొదలై దోర్నాల వైపు తేలతాయి. అవి తొలిచింది వెలిగొండను కాదు, నల్లమలను. ఆ నీళ్లు నిలిచే జలాశయం పేరు నల్లమల సాగర్. అది ఉన్నది నల్లమలలో కాదు, వెలిగొండల ఒడిలో. కొండల బారు గోడగా ఉంది కాబట్టి ఇంజనీర్లు చుట్టూ కట్ట కట్టలేదు. బారు తెగిన మూడు చోట్ల, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర, అడ్డుకట్టలు వేశారు. (ఈ సుంకేసుల వేరు, తుంగభద్ర మీది సుంకేసుల వేరు.) కాగితాల మీద వాటిని గ్యాప్‌లు అని రాసుకున్నారు. గండి అన్న మాట గండికోట దాకా వెళ్తే దొరికేది.